నలభయ్యో వరుస కింద

పరిశోధనాలయంలో ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప మరెక్కడా కనిపించేది కాదు. గేటు దగ్గర కాపలాదారు మొదలుకొని అధ్యక్షులవరకు అందరికీ ఆమె లెక్కలమ్మ. ముప్పైయొక్క సంవత్సరాలు ఒకే గదిలో, ఒకే బల్ల ముందు, కిటికీ వైపు ఎడమభుజం పెట్టుకొని కూర్చుని, పిడి తిప్పే గణనయంత్రంతో అంకెలను కూడి, తీసివేసి, గుణించి, భాగించిన మనిషి. ఆ వ్యవధిలో రెండు యంత్రాలు పళ్ళరిగి మూలపడ్డాయి, మూడవది నడుస్తున్నది. ఆమె లెక్కలో మాత్రం ఒక్క అంకె తప్పిందని చూపినవారు లేరు. అది ఆమెకు గర్వకారణమని కూడా అనలేము. గాలి పీల్చుకోవడం ఎవరికైనా గర్వకారణమా? కాని ఒక మంగళవారం మధ్యాహ్నం, భోజనపు గంటకు రెండు నిమిషాల ముందు, ఆ గాలి ఉన్నట్టుండి ఆమెకు అందకుండా పోయింది.

ముందుగా ఆ గది పద్ధతి చెప్పాలి. మొదటి అంతస్తులో, నడవ చివర ఉన్న ఆ గది తలుపుమీద గణనశాల అని పలక ఉండేది. మనుషులు లెక్కల గది అనేవారు. అందులో రెండు బల్లలు, రెండింటి నడుమ ఛాతీ ఎత్తున ఒక చెక్క అడ్డు. అడ్డుకు అవతల కూర్చునే పెద్దమనిషిని రెండోచెయ్యి అని పిలిచేవారు. ఏ లెక్కనైనా అక్కడ ఇద్దరు విడివిడిగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా వేయాలి. ముగిసిన తరువాత ఆమె ఫలితాలను వరుసవారీగా బిగ్గరగా చదువుతుంది. ఆయన తన కాగితం చూసుకుని "సరి" అంటాడు. ఎక్కడైనా తేడా వస్తే ఇద్దరూ మొదటి వరుసనుంచి మళ్ళీ వేయాలి. అన్నీ కలిస్తే ఆమె చివరి వరుస కింద ఎర్రసిరాతో జంటగీత గీస్తుంది. జంటగీత పడిన కాగితాన్ని తిరిగి తెరవడమన్నది ఆ గది ఎరగదు.

"ఇన్నేళ్ళలో పందొమ్మిదిసార్లు తేడా వచ్చింది," అని రెండోచెయ్యి కొత్తవాళ్ళకు చెప్పేవాడు. "పందొమ్మిదిసార్లూ తప్పు అడ్డుకి ఇవతలే, నా వైపే. ఆవిడ వైపు ఒక్కటంటే ఒక్కటి పట్టుకుని రిటైరవుదామని చూస్తున్నాను. పట్టనిస్తేగా!"

వీరిద్దరి శ్రమా ఒక్క ఆచార్యులవారి కోసమే. ఆయన జీవితమంతా ఒకే ప్రశ్న. పెద్ద నక్షత్రం ఒకటి తన బరువు తానే మోయలేక లోపలికి కుంగిపోతే, నట్టనడుమ సాంద్రతకు అంతూ పొంతూ లేని ఒక బిందువు ఏర్పడుతుందని సాపేక్షతా సిద్ధాంతపు సమీకరణాలు చెబుతాయి. అక్కడికి వచ్చేసరికి ఆ సమీకరణాలే చేతులెత్తేస్తాయి. దానినే సింగ్యులారిటీ అంటారు. అయితే ఆ బిందువు చుట్టూ ముందుగానే ఒక పొలిమేర ఏర్పడుతుందనీ, దాని లోపలినుంచి వెలుగు సైతం ఇవతలికి రాలేదనీ, అందుచేత లోపల ఏ విపరీతం జరిగినా బయటివారి కంట పడదనీ శాస్త్రజ్ఞులలో చాలామంది నమ్మకం. అది నమ్మకమే గాని నిరూపణ కాదు. ఆ పొలిమేర మూసుకొనేలోగా బిందువునుంచి ఒక్క కిరణమైనా తప్పించుకొని రాగల నక్షత్రం ఉంటుందా, ఉండదా? ఇదీ ఆచార్యులవారి ప్రశ్న. అలా ఏ ఆచ్ఛాదనా లేని బిందువును గ్రంథాలలో నగ్న సింగ్యులారిటీ అంటారు. లెక్కల గదిలో ఒక స్త్రీ ఎదుట ఆ విశేషణం పలకడానికి మొగమాటపడి, ఆయన మొదటిరోజే దానిని "బోసిచుక్క" అన్నారు. ముప్పైయొక్క ఏళ్ళూ ఆ మాటే నిలిచిపోయింది.

లెక్క వేసే తీరు కష్టమైనదేమీ కాదు, దీర్ఘమైనది. నక్షత్రాన్ని ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా ఊహించుకోవాలి. కాగితంమీద ఒక్కొక్క పొరకు ఒక్కొక్క వరుస. నడిమి చుక్కనుంచి బయలుదేరిన కిరణం ఆ పొరను చేరే వేళకు నడుమనుంచి ఎంత దూరాన ఉన్నది, అంతవరకు తాను దాటివచ్చిన పదార్థం మొత్తం ఎంత, ఈ రెండూ కట్టాలి. పదార్థపు కొలతను రెట్టింపు చేస్తే వచ్చేది దూరంకన్న తక్కువైతే కిరణానికి ఇంకా దారి ఉన్నట్టు. ఆ వరుసకు టిక్కు. ఎక్కువైతే, దాటివచ్చిన పదార్థమే వెనుకనుంచి పట్టి కిరణాన్ని లోపలికి ఈడ్చివేస్తుంది. ఆ వరుసకు అడ్డగీత. చివరి వరుసదాకా టిక్కులే పడితే కిరణం బయటపడినట్టు, చుక్క బోసిగా కనిపించినట్టు.

ఇందుకని ప్రత్యేకంగా అచ్చువేయించిన గీతల కాగితాలు ఉండేవి. ఒక నక్షత్రానికి ఒక కాగితమన్నది ఆచారం. పనిలో చేరిన నాడు, "ఎంతవరకు వేయమంటారు సార్?" అని ఆమె అడిగితే, "కాగితం నిండేదాకా వేయండమ్మా. ఆపైన పదార్థం మరీ పలచన, లెక్కకు రాదు," అని ఆచార్యులవారు సెలవిచ్చారు. అన్నవారు మరచిపోయారు. విన్నామె మరువలేదు.

వందలకొద్దీ ఊహానక్షత్రాలకు లెక్కలు వేయగా, ఎక్కువభాగం ఏ పదో వరుసలోనో ఇరవయ్యో వరుసలోనో అడ్డగీత తగిలి ఆగిపోయాయి. ఏడింటికి మాత్రం చివరిదాకా టిక్కులు పడ్డాయి. ఆ ఏడింటిమీదనే ఆచార్యులవారు పుస్తకం వ్రాశారు. పేరు "ఏడు నక్షత్రాలు". ఆ నెలాఖరుకు ఆయనకు విశ్రాంతి. ఆ మరునాడు లెక్కల గదికి తాళం. విద్యుత్తుతో నడిచే పెద్ద యంత్రం కింది అంతస్తులో అప్పటికే దిగింది. కనుక ఆ గదిలో జరిగిన ముప్పైయొక్క ఏళ్ళ పనికీ లోకంలో మిగిలేది ఆ పుస్తకమొక్కటే. శుక్రవారం మధ్యాహ్నం అచ్చాఫీసు మనిషి వచ్చి వ్రాతప్రతి పట్టుకుపోవాలి. దాని ముఖపత్రంమీద ఆచార్యులవారి పేరు, దాని కింద చిన్న అక్షరాలలో "గణన:" అని లెక్కలమ్మ పూర్తి పేరు. సోమవారం ఆ ముఖపత్రపు కార్బన్ ప్రతి ఒకటి అడిగి తీసుకుని ఆమె ఇంటికి పట్టుకుపోయింది. ఆమె ఆ కార్యాలయాన్ని అడిగి పుచ్చుకున్నది అదొక్కటే.

మంగళవారం ఉదయం పట్టికలకు సాపుప్రతి వ్రాయడం మొదలుపెట్టింది. పాత కాగితాలు ఆ వారమే అయిపోయాయి. అచ్చాఫీసులో యంత్రం మారినందువల్ల కొత్త కాగితాలు జానెడు పొడుగు ఎక్కువ వచ్చాయి. మొదటి నక్షత్రం నలభయ్యో వరుసతో ముగిసింది. కింద పదహారు వరుసలు ఖాళీగా మిగిలాయి.

ఖాళీ వరుసలను ఏటవాలు గీతతో కొట్టివేయాలన్నది నియమం. ఆమె గీతబద్ద ఆనించింది. ఆనించి, ఎందుకో ఆగింది. గంట కొట్టడానికి ఇంకా ఇరవై నిమిషాల పైన ఉన్నది. చేతులు కట్టుకు కూర్చోవడం ఆమెకు చేతకాదు. "కాగితం నిండేదాకా" అన్న మాట చెవిలో ఉన్నది, కాగితం నిండలేదు. సూత్రం కాగితం నెత్తిన వ్రాసే ఉన్నది. ఆమె బద్ద పక్కన పెట్టి పిడి తిప్పింది.

నలభైయొకటి, టిక్కు. నలభైరెండు, టిక్కు. దూరానికీ రెట్టింపు పదార్థానికీ నడుమనున్న ఎడం వరుసకు వరుసకు తగ్గుతూ వస్తున్నది, అయినా ఉన్నది. నలభైయైదు, టిక్కు. నలభైయారు, టిక్కు, ఎడం గోరంత. నలభైయేడులో దూరం పన్నెండు పాయింటు నాలుగు సున్నా. రెట్టింపు పదార్థం పన్నెండు పాయింటు నాలుగు మూడు.

ఆమె చేయి పిడిమీదనే ఉండిపోయింది.

కొంతసేపటికి తేరుకొని, ఆ వరుస మళ్ళీ వేసింది. నాలుగు మూడు. యంత్రాన్ని శూన్యానికి తెచ్చి, స్పృహతప్పిన మనిషిని నీ పేరేమిటని అడిగినట్టు, ఏడును ఎనిమిదితో గుణించి చూసింది. యాభైయారు. యంత్రానికి స్పృహ ఉన్నది. మూడవమారు ఆ వరుస వేసింది. నాలుగు మూడు. అడ్డగీత.

గంట కొట్టింది. ఆమెకు వినపడలేదు. చెక్క అడ్డుమీదుగా రెండోచెయ్యి తల పైకి వచ్చింది. పనివేళల్లో అలా తొంగిచూడడం నియమానికి విరుద్ధం గనుక, వచ్చిన తల కళ్ళు మూసుకొనే వచ్చింది.

"లెక్కలమ్మగారూ, గంట కొట్టి పది నిమిషాలైంది. డబ్బా మూత చప్పుడు వినపడలేదు. ఒంట్లో బాగుందా?"

"మొదటి నక్షత్రం నలభైయొకటి నుంచి యాభైయారు దాకా మీరూ వేయండి."

ఆయన కళ్ళు తెరిచాడు. "యాభైయారేంటండీ? నక్షత్రానికి నలభయ్యే కదా వరుసలు?"

"నక్షత్రానికి కాదు," అన్నది ఆమె. ఆ మాట తన నోటినుంచి వచ్చిన తరువాతనే దాని అర్థం ఆమెకు పూర్తిగా తెలిసివచ్చింది. "కాగితానికి."

ఆయన భోజనం మాట మరచి కూర్చున్నాడు. అరగంట తరువాత ఆమె చదవడం మొదలుపెట్టింది. నలభైయొకటి, సరి. నలభైరెండు, సరి. నలభైయారు దాకా సరి. నలభైయేడు చదివి, "అడ్డగీత" అన్నది. అడ్డుకు అవతల కుర్చీ కిర్రుమన్నది. కడపట, ఎవరికో చావుకబురు చెప్పినట్టు మెల్లగా, "సరి" అని వినిపించింది.

నక్షత్రం నలభయ్యో పొర దగ్గర ఆగలేదు. ఆగిందని ఎవరూ అనలేదు. సూత్రం ప్రకారం పదార్థం పలచబడుతూ ఇంకా చాలా దూరం ఉన్నది. కిరణం బయటపడిందని వారు వ్రాసినచోట అది ఇంకా నక్షత్రం లోపలనే ఉన్నది. మరి ఏడు పొరలు దాటేసరికి దాటిన సరుకే దానిని వెనక్కు గుంజివేసింది. చుక్క దగ్గర నిలబడినవాడికి అది బోసిదే. బయటివాడికి మాత్రం చుట్టూ ఉన్న పదార్థమే దానిని శాశ్వతంగా కప్పివేసింది.

"మరి మన సరిపోలిక?" అన్నాడు రెండోచెయ్యి, ఈసారి అడ్డు చుట్టూ తిరిగి ఇవతలికే వచ్చి. "ఇద్దరం విడివిడిగా వేశాం. ప్రతిసారీ సరి అన్నాను."

"ఇద్దరం ఒకే కాగితంమీద వేశాం. ఇద్దరం ఒకే చోట ఆగాం."

ఆయన తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఏటవాలు గీత కొట్టెయ్యండమ్మా. మూడు రోజుల్లో పుస్తకం గడప దాటుతుంది. నెలాఖరుకి ఆయనా ఉండరు, గదీ ఉండదు. ఆ పదహారు వరుసలూ ఎవడు వేసి చూస్తాడు? ముఖపత్రంమీద మీ పేరుంది, అది కాస్తా చూసుకోండి."

"మీరు సరి అన్నారు."

"అన్నాను. నా నోరు పడిపోను!"

ఆ మధ్యాహ్నం రెండవ నక్షత్రం నలభైనాలుగులో ఆగింది. మూడవది యాభైరెండులో. ఆమె లేచి గోడబీరువా తెరిచింది. అడుగునుంచి పైదాకా దారం కట్టిన కట్టలు, ఏడాదికొక కట్ట. ఒకటి విప్పింది, ఇంకొకటి విప్పింది. అడ్డగీత తగలని ఏ కాగితం తీసినా నలభయ్యో వరుస, దాని కింద తన చేతి ఎర్రని జంటగీత. ఇన్ని తీరుల నక్షత్రాలు, బరువులో ఒకదానికొకటి పొంతన లేనివి, అన్నీ ఒకే పొడుగు ఎలా అయ్యాయని ముప్పైయొక్క ఏళ్ళలో తనకు ఒక్కసారి తోచలేదు. నక్షత్రపు అంచును ఆచార్యులవారు గీయలేదు, సిద్ధాంతం గీయలేదు. కాగితం కోసిన అచ్చాఫీసువాడు గీశాడు. ఆమె ఆ కట్టలముందు, నేలమీద, గోడగడియారం అయిదు గంటలు కొట్టేదాకా మాన్పడి కూర్చుండిపోయింది.

ఇల్లంటే చెప్పులు కుట్టే దుకాణంపైన రెండు గదులు. ముందుగదిలో అక్క కుట్టుమిషను. అక్క దర్జీపని చేసి చెల్లెలిని చదివించింది; ఇద్దరికీ పెళ్ళి మాట ఎప్పుడో వాయిదాపడి, ఆ వాయిదాలోనే నెమ్మదిగా మాసిపోయింది. ఆ సాయంకాలం చెల్లెలు గుమ్మంలోకి రాగానే అక్క మిషను ఆపింది.

"ఏమే, ముఖం అలా పెట్టావు? ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదక్కా. మూడు చుక్కలు పోయాయి. మిగతా నాలుగూ పోయేలా ఉన్నాయి."

"కూర్చుని చెప్పు. నిలబడి చెబితే నాకు అర్థం కాదు."

చెప్పింది. కాగితం సంగతి వినగానే అక్క చేతిలోని సూది జారిపోయింది.

"ఓసి నీ తెలివి తెల్లారా! గుడ్డ అయిపోయిందని మోచేతి దగ్గర ఆపేసి, చొక్కా పూర్తయిందని బొత్తాలు పెట్టావటే?"

"ముప్పైయొక్క ఏళ్ళు పెట్టాను."

"మరి ఆ పెద్దాయన పైన ఏమీ లేదన్నాడని ఎప్పుడూ అంటావు?"

"పలచన అన్నారు. పలచనే. కాని పైకి పోయేకొద్దీ పొర చుట్టుకొలత పెరుగుతుంది కదా. పలచని సరుకే అయినా అంత పెద్ద పొర నిండా ఉంటే మొత్తం తక్కువేం కాదు."

"పలచటి గుడ్డ పది మడతలేస్తే అవతల మనిషి కనబడతాడా? అదేగా?"

"కనబడకుండా అడ్డం పడటం కాదక్కా. బరువు. వెలుగు ఎంత సరుకు దాటితే అంత సరుకూ వెనకాల చేరి దాన్ని గుంజుతుంది."

అక్క కాసేపు ఆలోచించింది. "అయితే తడిగుడ్డ. ఒక్కటంటే తీగ మోస్తుంది. పది ఆరేస్తే తీగతో సహా నేలకి దిగుతుంది."

ఇంతటి ఉపమానం ఆచార్యులవారి పుస్తకంలోనైనా లేదని లెక్కలమ్మకు తోచింది. కాని నవ్వు రాలేదు. ఆమె చూపు కుట్టుమిషను సొరుగుమీద ఉన్నది. ముఖపత్రపు ప్రతి అందులోనే ఉన్నది. అక్క ఆ చూపు కనిపెట్టింది.

"చెబితే నీ పేరు పోతుందా?"

"పుస్తకమే పోతుంది. ఆయనకి ఇంకేం మిగల్దు. నాకూ మిగల్దు."

"ఆయనకి ఈ సంగతి తెలుసా?"

"తెలీదు."

అక్క వంగి సూదికోసం నేల తడుముతూ అన్నది: "కొలత తెలియక కత్తెర పెడితే కొలిచినవాడి తప్పు. తెలిసీ పెడితే నా చేతి తప్పు. రేపు పొద్దున్నే చెప్పు. తిని వెళ్ళు కానీ చెప్పు."

బుధవారం ఉదయం ఆచార్యులవారు పీఠిక దిద్దుకుంటున్నారు. ఆమె కూర్చోలేదు.

"సార్, నక్షత్రానికి అంచు ఎక్కడ?"

"ఎక్కడేంటమ్మా, పలచబడుతూ పలచబడుతూ పోతుంది. సూత్రంలోనే ఉందిగా. మీరు వేస్తూనే ఉన్నారు."

"నేను నలభయ్యో పొర దగ్గర ఆపుతూ వచ్చాను."

"నలభయ్యేనా? నలభై ఎందుకు?"

"కాగితానికి నలభై వరుసలే సార్."

ఆయన చిరునవ్వు అలాగే ఉండి, దాని వెనుకనున్న మనిషి మాత్రం ఎక్కడికో వెళ్ళిపోయినట్టయింది. బల్లమీది పాత కాగితం ఒకటి లాక్కుని, పెన్సిలు మొనతో పైనుంచి కిందికి వరుసలు లెక్కపెట్టారు. ఆ కాగితాలను చేత పట్టని వారం ఆయన జీవితంలో లేదు. వరుసలు లెక్కపెట్టడం మాత్రం అదే ప్రథమం. చివరికి వచ్చి, నమ్మకం చాలక, కిందినుంచి పైకి మళ్ళీ లెక్కపెట్టారు.

ఆమె కొత్త కాగితం ముందు పెట్టింది. నలభైయేడవ వరుస దగ్గర ఆయన వేలు ఆగింది. ఆయన కలం మూత తీయడం, పెట్టడం, తీయడం, పెట్టడం.

"ఇంకెవరికైనా తెలుసా?"

"రెండోచెయ్యి గారికి. ఆయన సరి అన్నారు. ఇంట్లో మా అక్కకి."

"అక్కగారేమన్నారు?"

ఆమె జంకుతూ జంకుతూ తడిగుడ్డల మాట చెప్పింది. ఆచార్యులవారు పకపక నవ్వారు. వినడానికి భయం వేసే నవ్వు అది. "ఈ ముక్క చెప్పడానికి మీ అక్కగారే సరిపోయారమ్మా! మరి నేనెందుకు ఇక్కడ, ఇన్నేళ్ళు?" నవ్వు సగంలో తెగిపోయింది. ఆయన కళ్ళు తిరిగి ఆ వరుసమీదనే పడ్డాయి. "మిగతా నాలుగూ?"

"ఇంకా వేయలేదు సార్. మీకు చెప్పకుండా వేయబుద్ధి కాలేదు."

ఆయన లేచారు. గోడకు భుజం రాసుకుంటూ నడవవెంట నడిచి, లెక్కల గదిలోకి వచ్చి, కోటు విప్పి కొక్కేనికి తగిలించారు. ఆయన ఆ గదిలో కోటు విప్పగా చూసినవారు లేరు. రెండోచెయ్యి ఉలిక్కిపడి లేచి నిలుచున్నాడు.

"జిగురుందా?" అని అడిగారు ఆచార్యులవారు.

ఆ రెండు రోజులూ ఆయన చేసిన పని కాగితాలు అతికించడం. ఒక నక్షత్రానికి ఒక కాగితమన్న ఆచారం పోయింది. సూత్రం ఇక పదార్థం లేదని చెప్పేదాకా ఒకదాని కింద ఒకటి అతికించుకుంటూ పోవడమే. ఆయన కింద గీతలు కలిపి అతికించేవారు, వారిద్దరూ వేసేవారు. నాలుగవ నక్షత్రం అరవైయొకటిలో అడ్డం తిరిగింది. అయిదవది నలభైతొమ్మిదిలో. ప్రతి అడ్డగీతకూ ముగ్గురూ మొదటిసారి చూసినట్టే అదిరిపడేవారు. అలవాటుపడవలసిన విషయానికి ఎంతకూ అలవాటుపడలేకపోయారు. గురువారం సాయంకాలం ఆరవది డెబ్బైరెండో వరుసలో పోయింది.

"ఆరుగురికీ దుప్పట్లు కప్పేశాం," అన్నాడు రెండోచెయ్యి.

అప్పుడే పీఠికలో ఏమి వ్రాయాలన్న తగవు వచ్చింది.

"కిరణాన్ని నలభై దగ్గర ఆపింది నేను," అన్నది లెక్కలమ్మ. "గణకురాలి పొరపాటని రాయండి సార్. ముఖపత్రంలో నా పేరు తీసేయండి."

"కాగితం నిండేదాకా అన్నది ఎవరు? నేను."

"కాగితానికి ఎన్ని వరుసలో మీకు తెలియదు. నాకు తెలుసు."

"అదేనమ్మా నా తప్పు! ముప్పై ఏళ్ళు తెలుసుకోకపోవడం!" ఆయన గొంతు నడవ అంతా వినిపించింది. "మీ పేరు తీసేస్తే, నలభయ్యో వరుస కింద ఏముందో చూసింది ఎవరని రాయను? అచ్చాఫీసువాడనా?"

"అయ్యా, మధ్యన నేనొకణ్ణి ఉన్నాను," అన్నాడు రెండోచెయ్యి. "వందలసార్లు సరి అన్నాను. నా వాటా నాకివ్వండి. పంచుకుంటే ఆవిడకి మూడోవంతే వస్తుంది."

చివరకు ఆచార్యులవారు పీఠికలో ఒక్క వాక్యం చేర్చారు: "మా పూర్వగణనలు కాగితపు అంచువద్ద ఆగినవి, నక్షత్రము అచ్చట ఆగలేదు." ముఖపత్రం జోలికి పోలేదు.

శుక్రవారం ఉదయం మిగిలింది ఏడవది ఒక్కటే. అదీ పోతే పుస్తకమంటూ లేదు, ముఖపత్రంతో పనిలేదు. పదిన్నరకే అచ్చాఫీసు మనిషి వచ్చి నడవలో బల్లమీద కూర్చున్నాడు. లోపల రెండు యంత్రాల పిడులు తిరుగుతున్నాయి. జిగురు ఆరని కాగితాల పట్టీ ఆమె బల్లమీదనుంచి దిగి, నేలమీదుగా గుమ్మందాకా వచ్చింది. అచ్చాఫీసు మనిషి కాళ్ళు పైకి పెట్టుకున్నాడు.

ఏడవ నక్షత్రానికి నడుమ సాంద్రత ఎక్కువ, బయటికి వచ్చేకొద్దీ తక్కిన ఆరింటికన్న చాలా వేగంగా తగ్గిపోతుంది. అయినా మొదట దానిదీ అదే దారి. యాభైలో ఎడం తగ్గింది. అరవైలో ఇంకా తగ్గింది. అరవైమూడవ వరుసలో ఇరవైతొమ్మిది పాయింటు ఒకటి ఆరు, ఇరవైతొమ్మిది పాయింటు ఒకటి అయిదు. ఆచార్యులవారు జిగురుసీసా పట్టుకుని ఆమె వెనుక నిలబడ్డారు. అరవైనాలుగులో అడ్డగీతే పడుతుందని ముగ్గురికీ తెలుసు.

ఆమె పిడి తిప్పింది. అంకె చూసింది. వ్రాయకుండా మళ్ళీ తిప్పింది.

"ఏమైందమ్మా?"

"పెరిగింది సార్."

అరవైయైదులో ఎడం ఇంకొంచెం పెరిగింది. డెబ్బైకి చిటికెడయింది. ఆపైన ప్రతి వరుసలోనూ దూరం పెరుగుతున్నది. పదార్థం పెరగడం దాదాపు మానివేసింది. నూటపద్దెనిమిదవ వరుసకు వచ్చేసరికి సూత్రంలో పదార్థపు పద్దు శూన్యమైంది. పలచన కాదు, లెక్కకు రానిది కాదు; శూన్యం. ఆమె గుమ్మం దగ్గర మోకాళ్ళమీద కూర్చుని, పట్టీ వెంబడి పైనుంచి చదువుతూ వచ్చింది. గది లోపలనుంచి రెండోచెయ్యి ఒక్కొక్కదానికే సరి అంటూ వచ్చాడు. నూటపద్దెనిమిది దగ్గర మాత్రం సరి అన్న మాట రెండుసార్లు అన్నాడు.

కిరణం బయటపడింది. చుట్టూ ఉన్న పదార్థమంతా లెక్కలోకి వచ్చిన తరువాత కూడా బయటపడింది. ముప్పైయొక్క ఏళ్ళుగా బయటపడిందనే వ్రాస్తున్న మనుషులు, అది నిజంగా బయటపడేసరికి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎర్రసిరా సీసా మూత తీసిపెట్టి, ఆమె గీతబద్ద ఆనించి, చేయి ఆపింది.

"ఇక్కడ గీయమంటారా సార్?"

ఆచార్యులవారు ఆమె పక్కన నేలమీద కూలబడి, కళ్ళద్దాలు నుదుటికి తోసుకుని, కాగితానికి ముఖం దగ్గరగా పెట్టారు. కింద ఇంకా యాభై వరుసలు ఖాళీగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నారు.

"సూత్రం ఏమంటోంది?"

"ఇక ఏమీ లేదంటోంది."

"కాగితం?"

"ఇంకా ఉంది సార్."

"అయితే గీయండి."

ఆమె గీసింది. బద్ద ఆనించి గీసినా, ఆ జంటగీతలో రెండవ గీత చివర వంకరపోయింది. ఆచార్యులవారు వ్రాతప్రతి తెప్పించుకుని, ఆ నేలమీదనే, ముఖపత్రంలో "ఏడు" అన్న మాట కొట్టివేసి పైన "ఒక" అని, "నక్షత్రాలు" కొట్టివేసి "నక్షత్రం" అని దిద్దారు. కింది రెండు పేర్లూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఆరు ప్రకరణాలు కట్టనుంచి విడదీయగా మిగిలిన పలచని ప్రతిని అచ్చాఫీసు మనిషి చేతిలో తూచి చూసుకుని, "ఇంతేనా?" అన్నాడు.

చెక్క అడ్డుమీదుగా రెండోచెయ్యి తల పైకి వచ్చింది. ఈసారి కళ్ళు తెరుచుకునే వచ్చింది. ఆయన చూస్తున్నది వంకర గీతను.

"ఇరవయ్యో తప్పు," అన్నాడు. "అడ్డుకి అవతల."